నోటిదాకా నింపిన ట్యాంకు

ముసురు పట్టిన ఆ మధ్యాహ్నం సర్వేయరమ్మ గదికి వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. తడిసిన గొడుగును గుండెకు హత్తుకుని గుమ్మంలోనే నిలబడింది.

“మా ఆయన్ని కాపాడండమ్మా. తండ్రిని చంపాడని మా బావగారు రేపు పోలీసు కంప్లైంటు ఇస్తారట.”

“చంపాడా?” అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది సర్వేయరమ్మ.

“అయ్యో, లేదమ్మా!” అని మళ్ళీ గొంతు తగ్గించింది. “కానీ ఆయనే అంటున్నారు, నేనే చంపానేమో అని. ముద్ద ముట్టరు. గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఏ అఘాయిత్యం చేసుకుంటారోనని నా భయం.”

సర్వేయరమ్మ ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున, ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లను చూసి రిపోర్టులు రాసేది. రిటైరయ్యాక ఇలాంటి కేసులు పట్టింది. ఆమెకు తోడుండే గుమాస్తా వకీలు ఆఫీసులో నెత్తి నెరిసినవాడు. ఆవిడ తుమ్మినా సాక్ష్యమే అనుకునేంత గురి ఆయనకు.

అమ్మాయి చెప్పిన కథ ఇది. ఆమె మామగారు పుస్తకాల బైండరు. పెద్దకొడుకుదీ అదే పని. చిన్నకొడుకు, అంటే ఆమె భర్త, సైన్‌బోర్డులు రాస్తాడు. పోయినవారం సాయంత్రం ముసలాయనకు గుండె పట్టేసింది. పెద్దవాడు షాపులో ఉన్నాడు. చిన్నవాడు తండ్రిని ఆయన పాత కారులోనే వెనకసీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. పెట్రోలు ముల్లు ఎర్రగీత దాటితే దారిలో బంకు దగ్గర ఆపాడు. పెట్రోలు పోశాక బండి అంటుకోలేదు. ఎంత తిప్పినా గురక తప్ప ప్రాణం రాలేదు. ఇంకో బండి దొరికేలోగా ముసలాయన వెళ్ళిపోయాడు.

“మర్నాడు బావగారు మెకానిక్కును పట్టుకెళ్తే, తాళం తిప్పగానే అంటుకుందమ్మా. అప్పట్నుంచీ ఒకటే పాట. నాటకమాడాడు, ఆ పొద్దునే నాన్నతో గొడవపడ్డాడు అని.”

“గొడవ దేనికి?”

“షాపుకు కొత్త బోర్డు రాస్తానన్నారు మా ఆయన. నీ అక్షరాలు తాగినవాడి నడకలా ఉంటాయి, వద్దన్నారు మామయ్య.”

గుమాస్తాకు నవ్వొచ్చి, దగ్గులోకి మళ్ళించాడు.

“ఆ సాయంత్రం పెట్రోలెంత పోయించాడు?”

అమ్మాయి నేల చూసింది. “ట్యాంకు నిండా. బావగారు పట్టుకున్నదీ దాన్నే. పోయే ప్రాణాన్ని వెనకసీట్లో పెట్టుకుని ఎవడైనా ఫుల్ ట్యాంకు కొట్టిస్తాడా అంటారు.”

గుమాస్తా మనసులో రాయి పడింది. సర్వేయరమ్మ మాత్రం వేరే దారి పట్టింది.

“మీ మామయ్య పోయిస్తే ఎలా పోయించేవారు?”

“అదో పెద్ద తంతమ్మా. పెట్రోలు దొరకని కాలం చూశారట. గొట్టం టక్కున ఆగినా వదిలేవారు కాదు. కొడుకుల చేత బండి ఊపించి ఇంకాస్త పొయ్యమనేవారు. ఈమధ్య ఇంకో పిచ్చి మొదలైంది. పోశాక బండి పక్కకు తోయించి, తీరిగ్గా అద్దాలన్నీ తుడిచి గానీ కదిలేవారు కాదు.”

“పోశాకేనా? ఇంకెప్పుడూ తుడిచేవారు కాదా?”

“ఇంటిదగ్గర గుడ్డ ముట్టేవారు కాదమ్మా.”

సర్వేయరమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

*

కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. వాళ్ళు వస్తారని తెలిసి పెద్దకొడుకు మెకానిక్కును కూడా పిలిపించుకున్నాడు. బంక పట్టిన వేళ్ళతో తల గోక్కుంటూ గొంతు లేపాడు.

“బండికి ఏ రోగమూ లేదమ్మా. రోగమంతా నడిపినవాడికే.”

మెట్టు మీద కూర్చున్న చిన్నకొడుకు తలెత్తలేదు. గోళ్ళలో ఎర్ర రంగు ఎండిపోయి ఉంది.

సర్వేయరమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగు వెనక పెట్రోలు ముల్లూ దీపాలూ ఉండే ముళ్ళ పలక అద్దం మీద ఒక మూల, పుస్తకాల అట్టలకు అంటించే నల్లగుడ్డ ముక్క గుండ్రంగా అతికి ఉంది. చుట్టూ ఒక్క పోగైనా లేవలేదు. “చక్కగా కోశారు,” అని వేలితో నిమిరి ఊరుకుంది. తర్వాత మెకానిక్కు వైపు తిరిగింది.

“ఈ బండికి ఇంతకుముందు ఏమైనా రిపేరు చెప్పావా?”

అతను ముందు పెద్దకొడుకు మొహం చూశాడు. తర్వాత, “పెద్దగా ఏం లేదండి,” అని నీళ్ళు నమిలాడు.

ఆవిడ మెట్టు దగ్గరికొచ్చి అడిగింది. “ఏం బాబూ, ట్యాంకు నింపమని ఎవరన్నారు?”

“నేనే.” మాట నోట్లోంచి జారినట్టు కాక, ఎప్పటినుంచో కాచుకున్నట్టు వచ్చింది.

సర్వేయరమ్మ మెకానిక్కును పక్కకు పిలిచి, ట్యాంకులో అడుగున కాస్త ఉంచి మిగతా పెట్రోలు తోడెయ్యమంది. ఇంకేదో తెమ్మని చెవిలో చెప్పింది. పెద్దకొడుకుతో, “స్టేషనుకు వెళ్ళే ముందు అందరూ బంకు దగ్గరికి రండి. ఆమాత్రం ఆగితే కొంపలేం మునగవు,” అంది.

*

మర్నాడు పొద్దున ఆకాశం కడగని గిన్నెలా నల్లగా ఉంది, ముసురు వదల్లేదు. చిన్నకొడుకు బండి నడుపుకొచ్చి బంకులో ఆపాడు. పెట్రోలు పోసే మనిషి బండిని చూసి చప్పరించాడు.

“ఇదేనమ్మా ఆ బండి. పాపం, మూలుగుతూనే పెద్దాయన నిండా పొయ్యమన్నాడు. వద్దు నాన్నా అని ఈయన మొత్తుకుంటే వేలెత్తి కసిరాడు.”

పెద్దకొడుకు తమ్ముడి వైపు తిరిగాడు. “మరి నువ్వే చెప్పానన్నావేంరా?”

“పోయిన మనిషి మీద ఎలా తోస్తానన్నయ్యా? నాన్న నాతో అన్న ఆఖరి మాట అదే.” వాళ్ళావిడ అతని చెయ్యి పట్టుకుంది.

ట్యాంకు నోటిదాకా నిండింది. “ఇప్పుడు మీరే తిప్పండి,” అని సర్వేయరమ్మ తాళం పెద్దకొడుకు చేతికిచ్చింది. అతను తిప్పాడు. గురక. మళ్ళీ తిప్పాడు. గురక. పెట్రోలు వాసన గుప్పుమంది. అతని మెడ మీద చెమట పట్టింది.

“మీ తమ్ముడు ఆడిన నాటకం ఇదే. బాగుందా?”

ఆవిడ సైగ చేస్తే మెకానిక్కు బానెట్ ఎత్తి, సన్నటి రబ్బరు గొట్టాన్ని పట్టకారుతో నొక్కి పట్టాడు. “యాక్సిలరేటరు అదిమి తిప్పండి.” ఇంజను రెండుసార్లు దగ్గి, అంటుకుంది. ఆపించి, ఆ గొట్టం చివరనున్న పిడికిట్లో పట్టే భాగాన్ని ఊడదీయించింది.

“ట్యాంకులో లేచే ఆవిరి గాల్లో కలవకుండా ఒక బొగ్గు డబ్బాలో దాస్తారు. ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరిని కొద్దికొద్దిగా దానికి వదిలే కరెంటు కుళాయి ఇది. సోలినాయిడ్ అంటారు. కరెంటు లేనప్పుడు నోరు మూసుకోవాలి.” నోటితో ఊదింది. అవతల గుమాస్తా అరచేతికి గాలి తగిలింది. “మూసుకోవట్లేదు. ట్యాంకు నింపినప్పుడల్లా ఆవిరంతా ఇంజను గొంతులోకి పోయి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. కాసేపాగితే తేరుకుంటుంది. మర్నాడు మీకు అందుకే అంటుకుంది. మీ నాన్న అద్దాలు తుడిచింది పిచ్చితో కాదు. ఆగితే కదులుతుందని కనిపెట్టి, తన బండి పరువు కాపాడుకున్నారు. ఆ సాయంత్రం ఆగే వ్యవధి లేకపోయింది.”

తెల్ల రుమాలు మీద దాన్ని తట్టింది. నల్లటి గింజలు రాలాయి.

“నోటిదాకా పోస్తే పెట్రోలు పొంగి బొగ్గు డబ్బాలోకి పోతుంది. బొగ్గు చితికి, వచ్చి ఇందులో ఇరుక్కుంటుంది.”

“అంటే నాన్న చేతులారా...” పెద్దకొడుకు ఊపిరి వదిలాడు.

“సగం. మిగతా సగం బండి లోపలుంది.”

ఆవిడ వంగి, తాళం కాస్త తిప్పి ఉంచి, ముళ్ళ పలక మీది నల్లగుడ్డను గోటితో లేపింది. కింద పసుపుపచ్చ దీపం వెలుగుతోంది. ఏదో చెడిందని బండి చెప్పే దీపం.

“ఇలా కొయ్యడం బైండరు చేతికే వస్తుంది. మీ నాన్నే అంటించి ఉంటే, నిన్న నేను రిపేరు సంగతి అడిగినప్పుడు మెకానిక్కు మీ మొహం చూడాల్సిన పని లేదు.”

మెకానిక్కు తలదించుకున్నాడు. “ఎండాకాలంలోనే చెప్పానండి, ఈ భాగం పోయిందని. కొత్తది తానే తెస్తానన్నారు ఈయన. పెద్దాయన పోయాక తప్పు నా మీదికొస్తుందేమోనని నోరు మెదపలేదు.”

“ఆ దీపం చూసి నాన్న బెంబేలెత్తేవాడు,” అన్నాడు పెద్దకొడుకు. “బాగైపోయిందని చెప్పి మూసేశాను. తెద్దామనే అనుకున్నాను. అంతలో స్కూలు పుస్తకాల పని మీదపడి మరిచిపోయాను.”

“మళ్ళీ ఎప్పుడు గుర్తొచ్చింది?”

“వీడు బంకు నుంచి ఫోను చేసినప్పుడే.”

“తెలిసే అన్నారా బావగారూ?” ఆ అమ్మాయి కేక పెట్టింది. “తెలిసే మా ఆయన్ని హంతకుడన్నారా?”

“ఎవరో ఒకరు చేసి ఉండాలి కదమ్మా,” అన్నాడతను, చిన్నపిల్లాడిలా. “అది నేను కాకూడదనుకున్నాను.”

మెకానిక్కు జేబులోంచి కొత్త సోలినాయిడ్ తీసి, మాట్లాడకుండా బిగించాడు. చిన్నకొడుకు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కాస్త తడబడి, అంటుకుంది.

“ఎక్కన్నయ్యా. స్టేషనుకు కాదు, ఇంటికే.”

పెద్దకొడుకు వెనక తలుపు మీద చెయ్యివేశాడు. తండ్రి తల ఆనిన చోటు అద్దంలోంచి కనబడింది. చెయ్యి తీసేసి, వానలోనే ఇంటిదారి పట్టి నడవసాగాడు.

“పోనివ్వండి,” అంది భార్య పళ్ళు బిగించి.

చిన్నకొడుకు లైట్లు వేసి, అన్న కాళ్ళ ముందు దారి కనబడేటట్టు, నడక వేగంతోనే బండిని అతని వెనకే పోనిచ్చాడు. మలుపు దాకా గుమాస్తా చూస్తూనే ఉన్నాడు. అన్న వెనక్కి తిరగలేదు. బండి ముందుకు పోలేదు.