నాన్న నెత్తురు ఒప్పుకోని పొర

మంచు తెరిపిచ్చిన ఆ ఉదయం లరిస్సా పుట్టింటి తలుపు తోసేసరికి వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన గుప్పుమంది. పెళ్లయి నెల తిరగలేదు. కెనడాలోని ఆ సాస్కటూన్ ఊరి చలిలో ఆ వాసనకే ఆమెకు నవ్వొచ్చేసింది.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, మొగుడికి కాఫీ అయినా పెట్టావా?" కుర్చీలోంచే ఎగతాళి చేశాడు తండ్రి మెట్రో.

"అతనే పెట్టాడు నాన్నా. పంచదార అనుకుని ఉప్పేశాడు."

"తాగేశావా? అయితే ప్రేమే!"

తల్లి స్టెఫా నవ్వలేదు. "మీ నాన్న ఇక డయాలసిస్‌కి వెళ్లడట. చాలట. నువ్వే చెప్పు."

కోటు విప్పబోతున్న లరిస్సా ఆగిపోయింది. డయాలసిస్ యంత్రంలో నెత్తురును వడకట్టే ప్లాస్టిక్ పొరలే ఆమె పరిశోధన. నెత్తురు ఆ ప్లాస్టిక్‌ను పరాయిదని పోల్చుకుని గడ్డకడుతుంది. పైన పలుచని పూత వేసి దాన్ని నెత్తురుకు దగ్గర చేయాలని ఆమె తపన. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల నెత్తురుతో పూత చక్కగా పనిచేసింది. కిందటి వారం అనుమతి తీసుకుని తండ్రి నెత్తురుతోనూ పరీక్షించింది.

"కొంచెం ఓపిక పట్టు నాన్నా. నా పొర వచ్చేస్తే..."

"నా నెత్తురేమంది?"

"బాగానే..."

"నేలకేసి చూస్తావేం?"

"గడ్డకట్టింది."

స్టెఫా పెనాన్ని ఠంగున దించింది. "వారం నుంచి కడుపులో దాచుకుని, ఆయనకి ఆశ పెడుతున్నావా? డయాలసిస్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఆయన వణుకుతుంటే దుప్పట్లు కప్పేది నేను! నువ్వొచ్చేది ఆయన్ని చూడ్డానికా, ఆయన నెత్తుర్ని చూడ్డానికా?"

"దాన్నేమీ అనకు," అన్నాడు మెట్రో. "నాకు తెలుసు. బాగుంటే ఆ రోజే గంతులేస్తూ ఫోన్ చేసేది. నీ కూతురి సంగతి నీకు తెలీదూ?" తర్వాత లరిస్సా వైపు తిరిగాడు. "దాంతో మీ ల్యాబ్‌లో ఏమైనా నేర్చుకున్నారా?"

"ఆరోగ్యవంతుల నెత్తురు చూసి మోసపోయాం. ఇకపై రోగుల నెత్తురుతోనే చూడాలి."

"మంచిదే. ఇంకెవరి నాన్నకో అక్కరకొస్తుంది. నాకు మాత్రం చాలమ్మా. అలిసిపోయాను."

వాదించడానికి నోరు తెరిచింది లరిస్సా. ఆయన వాడిన మొహం చూసింది. ఇన్నాళ్లూ ఆయన నెత్తురులో ఏముందో అడిగింది గానీ, ఆయనకెలా ఉందో ఒక్కనాడూ అడగలేదు. కళ్లు నిండిపోయాయి.

"డయాలసిస్‌కి కూర్చోబెట్టే ఆ కుర్చీలో ఎలా ఉంటుంది నాన్నా?"

మెట్రో ఆమె చెయ్యి అందుకున్నాడు. స్టెఫా పొయ్యి కట్టేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన నెమ్మదిగా చెప్పసాగాడు. ఏ ఉపాయమూ చెప్పకుండా, చివరిదాకా వింది లరిస్సా.