వెనక పట్టీ

"అత్తమ్మా, ఇంకో చెప్పు యాడ?" అంది కోడలు అఫ్సానా, గుమ్మంలోనే నిలబడిపోయి.

రహమత్‌బీ కిందికి చూసుకుంది. కుడి కాలికి చెప్పుంది, ఎడమ కాలికి లేదు! ప్రొద్దుటూరు బజారు నుంచి కూరల సంచితో, కాగిన తారు రోడ్డు మీద ఒంటి చెప్పుతోనే నడిచి వచ్చేసింది. అరికాలు బొబ్బలెక్కింది. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఏం కాళ్లో ఏమో! చక్కెర జబ్బు ముదిరినప్పటి నుంచి అవి ఆమె మాట వినడం మానేశాయి. రాత్రి దుప్పటి తగిలితే చాలు, భగ్గుమని మండుతాయి. పగలు చెప్పు జారిపోయినా చెప్పవు. వేళకు సూది, వేళకు మాత్ర, చక్కెర లేని టీ, పండుగనాడు పాయసం వాసన చూసి సరిపెట్టుకోవడం... అన్నీ ఓర్చుకుంది. వీధి పిల్లలు ఆ చెప్పును తెచ్చిచ్చి నవ్విపోతే మాత్రం ఓర్చుకోలేక ఏడ్చింది.

బొబ్బలు మానినా ఆమె గడప దాటలేదు. పులివెందుల నుంచి కూతురు ఇరమ్ ఫోన్ చేసి, బిడ్డను తొట్లెలో వేస్తున్నాం, ఉయ్యాల వేడుకకు రమ్మంటే, "నేను రానమ్మా. ఆడ కూడా చెప్పు పారేసుకుంటే మీ అత్తగారింట్లో నీకు తలవంపులు" అంది.

"నువ్వు ఎత్తుకోకపోతే తొట్లెలో వేసేదే లేదు అమ్మీ..." అని ఇరమ్ వెక్కి వెక్కి ఏడ్చింది.

భర్త నూర్ అహ్మద్ టైలరు. అంతా విన్నాడు. ఆమె చెప్పులను అంగడికి తీసుకుపోయి, మెత్తటి మఖ్మల్ గుడ్డతో మడమ వెనక పట్టీలు కుట్టి తెచ్చాడు.

"చంటిపిల్లకు కుట్టినట్టు కుట్టినావే. చూసినోళ్లు నవ్వరా?"

"నవ్వనీలే" అన్నాడు.

కూతురి ఏడుపు తలచుకుని ఆమె భర్తతో కలిసి బస్సెక్కింది. దారి పొడుగునా తన కాళ్లను చీర కుచ్చిళ్లతో కప్పుకుంటూనే ఉంది.

పులివెందులలో గుమ్మం దగ్గరే వియ్యపురాలు దిల్షాద్‌బీ ఫక్కున నవ్వింది. ఆమె చూపు రహమత్‌బీ కాళ్ల మీద లేదు, నూర్ అహ్మద్ కాళ్ల మీద ఉంది.

"ఏందన్నా, బడిపిల్లోని మాదిరి నీ చెప్పులకు ఆ పట్టీలు?"

"నా చెప్పులు ఊరికే జారిపోతాండాయమ్మా. నేనొక్కణ్ణే వేసుకుంటే బాగుండదని ఆమెకూ కుట్టినా" అన్నాడు నూర్ అహ్మద్, తడుముకోకుండా.

 ఈ మనిషి చెప్పు ఏనాడు జారింది? రహమత్‌బీ వంగి చూసింది. మఖ్మల్ ఆమెకే సరిపోయింది కాబోలు, ఆయన పట్టీలు గరుకు ప్యాంటు గుడ్డవి. ఒరుసుకుని ఆయన మడమ తోలు లేచింది.

"నొప్పిగా లేదా?"

"ఉంది."

"అయితే తీసెయ్. నొప్పి తెలిసే కాలు నీది, దాన్ని కాపాడుకో" అని, వియ్యపురాలి వైపు తిరిగింది. "జారేది నా చెప్పు వదినా. చక్కెరతో నా కాళ్లకు స్పర్శ పోయింది. నాకు సిగ్గని ఈయన అబద్ధం చెప్తాండాడు."

దిల్షాద్‌బీ నవ్వు ఆగిపోయింది. చెప్పులు విడవబోతున్న రహమత్‌బీ చెయ్యి పట్టుకుంది.

"ఈడ ఇడవొద్దు వదినా. వేసుకునే లోపలికి రా. ఎవరేమంటారో నేను చూస్తా."

లోపల ఇరమ్ బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది. వాడు ఆమె అరచేతిని కాలితో గట్టిగా తన్నాడు. రహమత్‌బీ కన్నీళ్లతోనే నవ్వింది. చేతులకు ఇంకా అన్నీ తెలుస్తున్నాయి.