పచ్చికుండలో నీళ్లు

ఆ ఇంట్లో వీధి తలుపు గొళ్లెం ఊడిపోయి ఏడాదైనా ఎవరూ పట్టించుకోలేదు గానీ, వంటింటి మూలనున్న నీళ్ల డ్రమ్ముకి మాత్రం ఎప్పుడూ ఒకరు కాపలా ఉండేవారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. వచ్చిన రోజు ఊరు ఊరంతా బిందెలతో దాని మీద పడేది. దొరికినవాళ్లకి దొరికినట్టు, లేనివాళ్లకి లేనట్టు.

కుమ్మరి ఇల్లు అది. చెరువులో నీళ్లున్న రోజుల్లో వాకిట్లో కుండల సారె తిరగడం ఆగేది కాదు. చెరువు ఎండాక కుమ్మరికి రెండు వైపులా దెబ్బ తగిలింది. మన్ను తడపడానికి వీళ్ల దగ్గర నీళ్లు లేవు. కుండ కొనేవాళ్ల దగ్గర అందులో పొయ్యడానికీ లేవు. "కుండ ఎందుకు తల్లీ, బోర్లించుకుని కూర్చోడానికా?" అని మొహం మీదే నవ్వేవారు. ముందు గేదెని అమ్మేశారు. తర్వాత కోడలి చెవుల్లోవి తీసేశారు. ఆ తర్వాత మామ పోయాడు. పెద్దబావి అడుగున చెమ్మ ఊరుతోందని చెంబు పట్టుకుని దిగితే ఒడ్డు విరిగి మీద పడింది. పైకి తియ్యడం ఎవరి తరమూ కాలేదు. ఆ బావి మింగినవాళ్లలో ఆయన మొదటివాడేం కాదు. చివరికి ఊరివాళ్లు బావినే పూడ్చేశారు.

ఇలా ఉండగా పట్నం నుంచి మొక్కల దుకాణం ఆయన వచ్చాడు. "పూలకుండీలు కావాలమ్మా. ఆవం నిండా కాల్చి ఇవ్వండి. నచ్చితే నెలనెలా తీసుకెళ్తాను" అన్నాడు. పట్నంలో పూలకి పొయ్యడానికి నీళ్లున్నాయన్నమాట అనుకుంది కోడలు. పైకి అనలేదు.

ఆ మర్నాడే ఇటుకల బట్టీ మేస్త్రీ కూడా వచ్చాడు. "కుండీలేంటి గిండీలేంటిరా చిన్నోడా? నువ్వూ, నీ పెళ్లామూ, పిల్లా ట్రాక్టరెక్కండి. పౌర్ణమి వెళ్లాక వస్తా" అన్నాడు. చిన్నోడంటే ఆమె మొగుడు. వాళ్లమ్మ అలా పిలిస్తే ఊరందరికీ అదే పేరైంది.

కోడలు బట్టీలో పుట్టి పెరిగిన మనిషి. ఎండలో పచ్చి ఇటుకలు తిరగేసి తిరగేసి ఆమె అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. అక్కడికి వెళ్లిన పిల్లలు బడి మొహం చూడరు. తన చిట్టితల్లి చేతులు అలా కాకూడదని రోజూ దీపం ముందు దణ్ణం పెట్టుకునేది. ట్రాక్టరు వచ్చేలోగా ఆవం అంటుకోవాలి. ఆవం అంటుకోవాలంటే మన్ను తడవాలి. మన్ను తడవాలంటే డ్రమ్ములో నీళ్లు మిగలాలి.

అవే మిగలడం లేదు. పొద్దున చూసిన మట్టం మర్నాటికి ఉండటం లేదు.

"తలంటుకుంటున్నావా ఏంటే, దొంగచాటుగా?" అంది అత్త.

"నా జుట్టు చూసి చెప్పు అత్తా, తలంటుకున్న జుట్టులా ఉందా ఇది? గడ్డివాము నయం."

"మరి పక్కింటి వదినకి పోస్తున్నావా?" అన్నాడు మొగుడు, సారె మీంచి తలెత్తకుండా.

"ఆవిడకే పోస్తున్నా. ఆవిడ నాకు వడ్డాణం చేయిస్తానంది."

వేళాకోళమే గానీ ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచీ ముగ్గురూ ఒకరి నోటివంక ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. కోడలు ముందుగా మొగుడి పెదాలు చూసింది. పగిలి నెత్తురు కారుతున్నాయి. చిట్టితల్లివి తెల్లగా పొక్కిపోయాయి. అత్తవీ అంతే. ఎవరి నోరూ తడిగా లేదు. మరి నీళ్లు తాగేదెవరు?

అప్పుడామె ఒక పని చేసింది. డ్రమ్ము మూత చుట్టూ బంకమన్ను సన్నగా మెత్తి, బొటనవేలితో అదిమింది. మర్నాడు చూస్తే మన్ను అలాగే ఉంది, నీళ్లు తగ్గాయి. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమింది. తన చేతిపని గరుగ్గా ఉంటుంది. ఇది సారె మీద తిప్పినంత నున్నగా ఉంది. ఎవరో మూత తీసి, మళ్లీ మెత్తి, తన వేలిముద్ర తుడిచేశారు. మొగుడి వేళ్లకి పగుళ్లు పడి కట్టుకట్టి ఉంది. ఇంట్లో అంత నున్నగా మన్ను మెత్తగలిగే చెయ్యి ఇంకొక్కటే ఉంది.

అత్త చెయ్యి.

ఆ సాయంత్రం మొగుడు మన్ను తేవడానికి చెరువులోకి వెళ్లాడు. చిట్టితల్లి పక్కింట్లో ఆడుకుంటోంది. కోడలు గోడ పక్కన నక్కి నిలబడింది. దీపాలవేళ అత్త వంటింట్లోంచి బయటికొచ్చింది. కొంగు కింద చెంబు. ఇటూ అటూ చూసి ఆరబెట్టే గదిలోకి వెళ్లింది.

పచ్చికుండలకి గాలి తగిలితే బీటలు పడతాయని ఆ గదికి కిటికీ పెట్టలేదు. పట్టపగలే చీకటిగా ఉంటుంది. కోడలు వాకిలి దగ్గరే ఆగింది. లోపల్నుంచి వాసన వచ్చింది... తొలివాన పడ్డప్పుడు నేల మీంచి లేచే వాసన. వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో!

లోపల అత్త గుసగుసగా మాట్లాడుతోంది.

"ఇంతేనయ్యా. ఇవాళ్టికి ఇంతే. ఇంకా అడగకు..."

"ఎవరితో అత్తా?"

అత్త ఉలిక్కిపడింది. చెంబు నేలమీద పడి దొర్లింది. ఖాళీ చెంబు. ఆవిడ ముందు ఒక కుండ ఉంది. అంచుదాకా నీళ్లున్నాయి. కోడలికి ఆ కుండ తెలుసు. మామ ఆఖరిసారి సారె మీద చేసింది. కాల్చకముందే ఆయన పోయాడు. దాన్ని ఎవరూ ఆవంలో పెట్టలేదు.

పచ్చికుండలో నీళ్లు పోస్తే కాసేపటికే మెత్తబడి కూలిపోతుంది. కుమ్మరి ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. ఈ కుండ నిలబడి ఉంది.

"మీ మామకే" అంది అత్త. "దాహం దాహం అంటాడు. చచ్చేటప్పుడు గుక్కెడు నీళ్లయినా దక్కలేదు కదే."

"బతికున్నవాళ్ల నోళ్లు ఎండట్లేదా? నీ మనవరాలి నోరు ఎండట్లేదా?"

అత్త కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నాకూ అనుమానంగానే ఉందే. మొదట్లో గుక్కెడుతో సరిపెట్టుకునేవాడు. ఇప్పుడు చెంబు చాలట్లేదు. ఒక్క మనిషి తాగే నీళ్లు కావివి..."

"ఇంట్లోకి పద అత్తా."

"నేనివ్వకపోతే పిల్ల దగ్గరికి వెళ్లి అడుగుతానన్నాడు."

కోడలు అత్తని బయటికి పంపేసి, వెళ్లేదాకా చూసి, తాగేదెవరో కళ్లారా చూద్దామని కుండ ముందు కూర్చుంది. ఆ కుండలో ఉన్న నీళ్లు ఒక వాయి మన్నుకి చాలు. ఆ ఒక్క వాయి ఉంటే ఆవం నిండుతుంది.

చీకటి చిక్కబడింది. ఏ చప్పుడూ లేదు.

తర్వాత వినిపించింది.

గుటక్...

ఇంటి దీపం వెలుగు గుమ్మంలోంచి సన్నగా పడుతుంటే, కళ్లు చికిలించి చూసింది. నీళ్లు కదలలేదు. మట్టం మాత్రం ఒక వేలు దిగింది.

గుటక్... గుటక్...

కుండకి అటువైపు ఎవరూ లేరు. గోడే ఉంది. కానీ ఊపిరి వినపడుతోంది. తాగి తాగి ఆయాసపడేవాళ్ల ఊపిరి. ఒకటి కాదు... ఎడమవైపు ఒకటి. కుడివైపు ఒకటి. తన భుజం వెనక ఇంకొకటి.

"మామా" అంది. "మామా, నీకు దణ్ణం పెడతా. ఇవి నీ మనవరాలి నీళ్లు."

చప్పుడు ఆగింది.

చెవి పక్కనే, మామది కాని గొంతు అడిగింది.

"ఇంకో చెంబు...?"

ఆమె కుండని రెండు చేతులా ఎత్తి గుండెకి అదుముకుంది. ఎవరో అటువైపు నుంచి లాగారు. వదల్లేదు. దేవుడి పేరు తలుచుకుంటూ వాకిట్లోకి పరిగెత్తి, తొక్కడానికి పోసి ఉన్న మన్ను కుప్ప మీద వంపేసింది. నీళ్లు పోయిన మరుక్షణం కుండ ఆమె చేతుల్లోనే ముద్దయిపోయి కారింది. అదీ మన్నులోనే కలిసింది. ఆగలేదు. కాళ్లతో తొక్కింది. తొక్కుతూనే ఉంది.

అత్త గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం పని చేశావే... ఇప్పుడు వాళ్లు ఎక్కడ తాగుతారు?"

'ఆయన' అనలేదు అత్త. 'వాళ్లు' అంది.

ఆ తర్వాత డ్రమ్ములో నీళ్లు వాడుకున్నంతకి మించి తగ్గలేదు. ఆరబెట్టే గదిలో వాన వాసన రాలేదు. చిట్టితల్లిని మాత్రం కొన్నాళ్లు అత్తా కోడలూ అటూ ఇటూ పడుకుని మధ్యలో పడుకోబెట్టుకున్నారు. మొగుడు వేళ్ల కట్లు విప్పేసి, సారె దగ్గర్నుంచి లేవకుండా కుండీలు చేశాడు. కోడలు ఒక్కో అంచునీ తడిగుడ్డతో నున్నగా తీర్చింది. ఆవం అంటుకుంది. మేస్త్రీ ట్రాక్టరు మీద వచ్చి, వాకిట్లో పొగ చూసి, "మీ ఖర్మ" అని వెళ్లిపోయాడు. కోడలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆవం విప్పిన రోజే మొక్కల దుకాణం ఆయన వ్యాను వేసుకుని వచ్చాడు. బూడిద దులిపి కుండీలు ఒక్కొక్కటే ఎక్కిస్తూ ఆగిపోయాడు.

"అంచు మీద ఈ నొక్కులు భలే పెట్టారే! ఏ రెండూ ఒక్కలా లేవు. ఎవరి ఐడియా?"

"నొక్కులేంటి?" అన్నాడు మొగుడు.

కోడలు ఒక కుండీ అందుకుంది. తను తడిగుడ్డతో తీర్చిన అంచు మీద రెండు పెదాలు ఆనిన గుర్తు ఉంది. మట్టిలో అచ్చు పడి, కాలి గట్టిపడిపోయింది. ఇంకోటి తీసింది. పళ్లులేని నోరు. ఇంకోటి. పసిబిడ్డ నోరు. వ్యాను నిండా ఉన్నాయి.

"ఇవి పట్నంలో ఇట్టే అమ్ముడుపోతాయి" అన్నాడు ఆయన. "వచ్చే నెలకి దీనికి రెండింతలు కావాలి. అచ్చం ఇలాగే. చేస్తారా?"

మొగుడి మొహం వెలిగిపోయింది. చిట్టితల్లి పలక పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కోడలు పిల్లవైపు చూసింది. పిల్ల చేతులవైపు చూసింది.

"చేస్తాం" అంది.

వ్యాను వెళ్లిపోయాక, కొంచెం వంకర వచ్చిందని ఆయన వదిలేసిన కుండీ ఒకటి ఆవం పక్కన మిగిలింది. ఆవం అడుగు నుంచి ఆఖరున తీసిందేమో, ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది. కోడలు కొంగుతో పట్టుకుని ఎత్తింది. అంచు మీద నోటి గుర్తు తడిగా ఉంది.

తుడిచింది. అంత వేడి మీద మళ్లీ తడి తేలింది.

మళ్లీ తుడిచింది. ఈసారి తడి తేలలేదు... అంచుకి అవతలి వైపు, ఇందాక ఏమీ లేని చోట, ఇంకో నోరు మెల్లగా అచ్చు పడుతోంది.