పలకని పై మెట్లు

"అవి చెవుల్లోంచి తీసెయ్."

కెల్సీ డుడెక్ నాతో అన్న మొదటి మాట అది. సెప్టెంబరు చివరి శనివారం, మా ఊరి క్లబ్బు షూటింగ్ రేంజిలో. రేకుల కప్పు మీద వాన పడుతోంది. జింకల సీజన్ దగ్గరికొస్తోందని అందరూ రైఫిళ్ళ గురి సరిచూసుకుంటున్నారు. ఎర్ర కోటు వేసుకున్న రేంజి ఆఫీసర్ ఎవరి దగ్గరా ఆగకుండా వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

నా చెవుల్లో ఉన్నవి పేలిన పిస్టల్ తూటాల డొల్లలు. ఇయర్‌ప్లగ్స్ ఇంట్లో మరిచిపోయి, నేల మీద దొరికిన రెండు ఇత్తడి గొట్టాలు చెరో వైపూ దూర్చుకున్నాను. మా మామయ్య జీవితాంతం చేసిన పనే.

"సరిగ్గా పట్టాయి కదండీ," అన్నాను.

"పట్టడం వేరు, చప్పుడుని ఆపడం వేరు. లోపల ఇరుక్కుంటే తీసే డాక్టరు కూడా నవ్వుతాడు. ఏం పని చేస్తుంటావు?"

"అకార్డియన్లు బాగుచేస్తాను. శ్రుతి కూడా చేస్తాను."

ఆమె వంగి నా చెవుల్లోకి చూసింది. "చెవుల మీద బతికేవాడివి. నువ్వా ఈ పని చేసేది?"

చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

జేబులోంచి కొత్త ప్లగ్స్ తీసి నా చేతిలో పెట్టింది. "సన్నగా నలుపు. ఇంకా సన్నగా. ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి కుడి చెవి పట్టుకో. పైకీ వెనక్కీ లాగు. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలు తియ్యకు."

నాకు రాలేదు. విసుక్కుని తనే నా చెవి పట్టుకుని లాగింది. చిన్నప్పుడు టీచర్లు చాలాసార్లు మెలేసిన చెవే. అది ఇంత హాయిగా ఉంటుందని అప్పుడు తెలియలేదు. తర్వాత నా టోపీ తీసేసి, ప్లగ్స్ మీద పెద్ద చెవికప్పులు కూడా తగిలించింది. కప్పు కింద టోపీ అంచు దూరితే, ఆ సందులోంచి చప్పుడూ దూరుతుందట.

గురి సరిచూసుకోవడం ఒక్క పూట పని. నేను ఎనిమిది శనివారాలు వెళ్ళాను.

"అకార్డియన్‌లోని సన్నటి ఉక్కు రీడ్లను గీకి శ్రుతి చేసే చేతులకి ప్లగ్ పెట్టుకోవడం రాదా, బ్రెంట్?" అంది మూడో వారం.

"రావడం లేదు మరి."

"పోయిన వారం నేను అటు తిరిగినప్పుడు నువ్వే పెట్టుకున్నావు. చూశాను."

చూసిందన్నమాట. అయినా చెవి లాగింది.

క్లబ్బు ప్రెసిడెంటు వాల్ట్ డుడెక్ ఆమె తండ్రి. నలభై ఏళ్ళుగా చెవులకు ఏమీ పెట్టుకోకుండా కాల్చిన మనిషి. సీజన్ ముందరి శనివారం పాత మెంబర్లు వట్టి చెవులతో తలా ఐదు రౌండ్లు కాల్చడం మా క్లబ్బు ఆనవాయితీ. పెద్దవాళ్ళ పౌరుషం అది. ప్రతి ఏడూ ఆ పది నిమిషాలూ కెల్సీ ఎర్ర కోటు ఇంకొకరికిచ్చి వంటగదిలోకి వెళ్ళిపోతుంది.

నవంబరులో వాల్ట్ తన అకార్డియన్ నా షాపుకి పంపాడు. కెల్సీయే మోసుకొచ్చింది.

"పై మెట్లు పలకడం లేదట," అంది, నా మొహం చూడకుండా.

విప్పి చూశాను. ఒక్కో రీడూ వాయించాను. అన్నీ పలుకుతున్నాయి.

"నీకూ వినిపిస్తున్నాయి కదా?" అన్నాను.

"మొదటి నుంచీ వినిపిస్తున్నాయి. రీడ్లు తుడిచానని చెప్పెయ్, బ్రెంట్."

"తుడిచాక కూడా వినపడకపోతే?"

"ఇంకోసారి తుడువు." ఆమె అకార్డియన్ బెల్టు సర్దింది. "చెవులు చూపించుకోమని నేను చెప్పినప్పుడల్లా వారం రోజులు మాట్లాడడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో నాకున్నది ఆయనొక్కడే."

రేంజిలో యాభై మందిని కసిరే మనిషి ఇంట్లో నాన్నకు భయపడుతుంది. అప్పటికే ఆమెను ప్రేమిస్తున్నాను. ఆ రోజు ఇంకాస్త ఎక్కువైంది. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి పెళ్ళి మాట అడుగుదామని అప్పటికే అనుకుని ఉన్నాను. నిజం చెబితే వాల్ట్ గుమ్మం చూపిస్తాడు. అబద్ధం చెబితే పిల్లనిస్తాడు, వచ్చే శనివారం మళ్ళీ వట్టి చెవులతో కాలుస్తాడు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆదివారం భోజనానికి కెల్సీ క్యాబేజీ నూడుల్స్, సాసేజ్ చేసింది. వాల్ట్ నన్ను తన కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కుడిచేతివాటం వాళ్ళకు తుపాకీ ముందుగా తినేసేది ఎడమ చెవినే.

"ఏమైంది అబ్బాయ్ నా పెట్టెకి?"

"ఏమీ కాలేదండీ. ఒక్క రీడూ చెడలేదు."

"మరి పై మెట్లు పలకవేం?"

"పలుకుతున్నాయండీ. మీకు వినిపించడం లేదు."

కెల్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. వాల్ట్ మొహం ఎర్రబడింది.

"నేను చెవిటివాణ్ణంటావా?"

"సన్న స్వరాలకి అంతేనండీ. తుపాకీ చప్పుడుకి ముందు పోయేవి అవే. పోయినవి తిరిగి రావు. మిగిలినవి ఉంచుకోవచ్చు."

పళ్ళెం పక్కకు తోశాడు. "వాయించు."

అకార్డియన్ భుజాలకు తగిలించుకుని, తిత్తి లాగుతూ, పై మెట్ల మీద ఈ కొండల్లో ప్రతి పెళ్ళిలోనూ వాయించే పోల్కా పాట అందుకున్నాను. వాల్ట్ ముందుకు వంగి నా వేళ్ళనే చూశాడు.

"మెట్ల టకటక ఒక్కటే వినిపిస్తోంది," అన్నాడు.

కెల్సీ వచ్చి ఆయన పక్కన నిలబడింది. అదే పాటను తన గొంతులో కింది స్థాయిలో పాడింది, నా వేళ్ళతో కలిపి. వాల్ట్ కళ్ళు మూసుకున్నాడు. రెండో చరణానికి బల్ల మీద వేలితో తాళం వేశాడు.

"ఇది మా పెళ్ళినాటి పాట. ఇందాకటి నుంచి ఇదేనా వాయిస్తున్నది?"

"ఇదే నాన్నా," అంది కెల్సీ. "చెప్పొద్దని బ్రెంట్‌ని బతిమాలింది నేనే."

వాల్ట్ నా వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు చెప్పావు? తుడిచానంటే నమ్మేవాణ్ణి."

"మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా అని అడగడానికి వచ్చానండీ. అబద్ధం చెప్పాక ఆ మాట అడగలేను."

"దాన్ని అడిగావా?"

"ఇంకా లేదండీ."

కెల్సీ నా వైపు చూసి ఏదో అంది. చాలా మెల్లగా అంది.

"ఇటు వచ్చి చెప్పు," అన్నాడు వాల్ట్.

ఆమె ఆయన కుడి పక్కకు వచ్చి వంగింది. "సరే అన్నాను నాన్నా."

ఆయన తోసేసిన పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"మీ అమ్మ కూడా చర్చిలో ఆ మాట ఇలాగే గుసగుసగా అంది. ముందు వరసలో వాళ్ళకి కూడా వినపడలేదట. నాకు వినపడింది." కెల్సీ వైపు తిరిగాడు. "నువ్వనేటప్పుడు కూడా నాకు వినపడాలి. శనివారం నాకో జత చెవికప్పులు తీసి ఉంచు."

కెల్సీ కళ్ళు తుడుచుకుంటూ, పెద్ద సైజువే తీసి ఉంచుతానంది.