సారంగాపూర్ బావి, ఆకుపచ్చ దారం

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్తున్న మోటార్ సైకిల్‌ను ఉదయం ఆరు నలభైకి ఒక తెల్ల జీపు వెనుక నుంచి గుద్దింది. రివర్స్‌లో వచ్చి ఇంకోసారి గుద్దింది. జీపులోంచి దిగినవాడు చచ్చిపడిన మనిషి సంచి, ల్యాప్‌టాప్, ఫోన్ తీసుకున్నాడు. బిగిసిన పిడికిలిని మాత్రం పట్టించుకోలేదు.

ఏడున్నరకు ఆ పిడికిలిని ఏజెంట్ ఆయేషా తెరిచింది. లోపల మూరెడు ఆకుపచ్చ దారం, దాని పొడవునా ముడులు.

ఆయేషా పుట్టింది కోరుట్లలో. తల్లి బీడీలు చుట్టి పెంచింది. అది బీడీల మెడకు చుట్టే దారమని చూడగానే తెలిసింది. ఈ చుట్టుపక్కల ఆకుపచ్చ దారం వాడడం మానేసి అయిదేళ్ళయిందనీ తెలుసు.

ఆమె ఇయర్‌పీస్‌లో చీఫ్ శ్రీధర్ గొంతు హైదరాబాద్ నుంచి గరగరలాడింది.

“విక్టిమ్ ఎవరో లోకల్ డేటా కలెక్టర్ అంటున్నారు.”

“పేరుంది సార్. దేవదాస్.”

శ్రీధర్ ఆ మాట వినిపించుకోకుండా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎండలు ముదురుతున్నకొద్దీ భూగర్భ జలాలు ఎలా మారుతున్నాయో పన్నెండు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పన్నెండేళ్ళుగా లెక్క తీస్తున్నారు. సారంగాపూర్ ఆ లెక్కలో ఒక ముఖ్యమైన చోటు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి జగిత్యాలలో ఉమ్మడి డేటా మీద సంతకాలు. సంతకం పడ్డాక పదేళ్ళ దాకా ఒక్క అంకె మార్చడానికి లేదు. బ్లూ టేబుల్ అనే విదేశీ ముఠా ఆ అంకెలను మార్చాలని చూస్తోంది. సారంగాపూర్ ‘నీళ్ళు మిగులు’ జాబితాలోకి వెళ్తే, అక్కడి భూమి అడుగు నీళ్ళను ముప్పై ఏళ్ళు తోడుకునే హక్కు ముఠా కంపెనీకి దొరుకుతుంది.

“లోపల మన మనిషి ఉంది. ఈ ప్రాజెక్టు కోఆర్డినేటర్ డాక్టర్ మిరాండా క్రోల్. ముఠాలో ఉంటూనే మనకు సమాచారం ఇస్తోంది. ఆమె చెప్పినట్టు నడుచుకో.”

మిరాండా ఫొటో ఆయేషా ఫోన్‌కు వచ్చింది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ప్రతి సభలో నీళ్ళ గురించి మాట్లాడి కన్నీళ్ళు పెట్టుకునే మనిషి.

ఆయేషా దేవదాస్ కళ్ళు మూసి, సారంగాపూర్ బయలుదేరింది.

దేవదాస్ ఆ ఊళ్ళో ఎవరింటికి వచ్చేవాడో కనుక్కుని, పింఛను విచారణ ఉద్యోగి వేషంలో, చంకలో ఫైలుతో లింగవ్వ ఇంటి ముందు నిలబడింది. లింగవ్వకు అరవై ఏళ్ళుంటాయి. సెంటు భూమి లేదు. కూలి దొరికిన రోజు కూలి, దొరకని రోజు బీడీలు. ఒళ్ళో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అన్నది.

“పింఛినోళ్ళు గింత పొద్దుగాల రారు బిడ్డా. నువ్వెవలవో నిజం చెప్పు.”

వేషం అక్కడితో ముగిసింది. ఆయేషా నిజం చెప్పింది. దేవదాస్ సంగతి కూడా చెప్పింది. లింగవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. తర్వాత లేచి, ఇనుప గుండు కట్టిన తాడు చుట్టను గోడ మీంచి తీసి చూపించింది.

“పన్నెండేండ్ల సంది ప్రతి శనివారం గీ తాడు బావిల ఇడుస్తున్న. ఎన్ని మూరలకు నీళ్ళు తాకితే గన్ని ముడులు. నాకు సదువు రాదు, గందుకే దారం. వారానికో దారం, ఏడాదికో కట్ట. దేవదాసు అచ్చి ముడులు లెక్కవెట్టి రాసుకపోయెటోడు.”

మొదట పద్నాలుగు మూరలకు తగిలిన నీళ్ళు ఇప్పుడు ముప్పై ఒకటికి గానీ తగలడం లేదు. ఆ అంకెలను కంప్యూటర్‌లో ఎవరో పదిహేనుకు మార్చారని ముందురోజు దేవదాస్ వచ్చి చెప్పాడట. తన దగ్గర మిగిలిన పాత దారం ఒకటి ఉందనీ, దాన్ని జగిత్యాలలో పెద్దవాళ్ళకు చూపిస్తాననీ అన్నాడట. మరి కట్టలేవని ఆయేషా అడిగింది. పన్నెండూ ఎగ్జిబిషన్‌లో పెడతానని పట్టుచీర మేడమ్ వారం కిందట, మూతి కట్టిన బస్తాను విప్పి చూడకుండానే తీసుకుపోయిందని లింగవ్వ చెప్పింది.

“గీ నీళ్ళ లెక్కల ముచ్చట రెండుసార్లు పుస్తకంల అచ్చయింది. దేవదాసు సదివి ఇనిపిచ్చిండు. రాసినోళ్ళయి ముప్పై ఎనిమిది పేర్లు. ఆఖరుకు ‘మరియు ఇతరులు’ అనుంది. గా ఇతరులు ఎవలనుకున్నవ్? నేను, దేవదాసు.”

ఆయేషాకు ముఠా మీద ఉన్న కోపం పక్కకు జరిగి ఇంకో కోపానికి చోటిచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. సిరిసిల్లలో రంగులద్దే కార్ఖానాలో పనిచేసే అబ్రార్. ఆమెకు పాత ఇన్ఫార్మర్.

“ఆకు తడిసిందా?” అని కోడ్ అడిగింది ఆయేషా.

“తడిసింది. కత్తెర పదునుంది,” అన్నాడు అబ్రార్. “ఆపా, ఒక ఫారిన్ మేడమ్ మా షెడ్డుల రెండు దినాలు దారాలకు ముడులేయించింది. చాయ్ డికాక్షన్ల ముంచి, పొగవెట్టి పాతగ చేసిండ్రు. అసలు కట్టలు బస్తాల ఉన్నయ్. పగటీలి పన్నెండింటికి బాయిలర్ల ఏస్తరట. జల్ది రా.”

సిరిసిల్ల చేరేసరికి పన్నెండు దాటింది. బురఖా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, పనివాళ్ళ వెంట షెడ్డులోకి నడిచింది. తెల్ల జీపు వాకిట్లోనే ఉంది. ముందు బంపర్ సొట్టపోయింది. లోపల దాని డ్రైవర్ బస్తా విప్పి ఒక్కో కట్టను బాయిలర్ మంటలోకి విసురుతున్నాడు. ఆయేషా టిఫిన్ డబ్బా వాడి కణత మీద మోగింది. డిపార్ట్‌మెంట్ డబ్బా కాబట్టి అడుగున రెండు కిలోల సీసం ఉంది. వాడు లేవలేదు. అబ్రార్ వాడి చేతులు మగ్గం దారంతో కట్టేశాడు. ఆయేషా మంటలోకి చెయ్యి పెట్టి ఒక కట్టను లాగింది. బురఖా చేయి మోచేతి దాకా కాలింది. పన్నెండింటిలో తొమ్మిది దక్కాయి.

దారిలో ఉండగా శ్రీధర్ లైన్‌లోకి వచ్చాడు.

“మిరాండా ఫిర్యాదు చేసింది. ఆమె మనుషుల మీద చెయ్యి చేసుకున్నావట. మిషన్ క్యాన్సిల్. హైదరాబాద్ వచ్చెయ్.”

“ఆ మనిషే దేవదాస్‌ను గుద్ది చంపిండు సార్. మీ డబుల్ ఏజెంట్ రెండు దిక్కులా పనిచేస్తలేదు. ఒక్క దిక్కే చేస్తుంది. అది మన దిక్కు కాదు.”

“ప్రూఫ్ ఉందా?”

ఆయేషా ఇయర్‌పీస్ తీసి కిటికీలోంచి పారేసింది.

జగిత్యాలలో సభ జరిగే హాలు గేటు దగ్గర మూడు యాభైకి బండి ఆగింది. గేటు బయట ఎండలో, సంచి చంకన పెట్టుకుని లింగవ్వ నిలబడి ఉంది. బస్సు పట్టుకుని ఒంటిగంటకే వచ్చిందట. పాస్ లేదని ఆపేశారు. లోపల గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో ప్రజల భాగస్వామ్యం అని రాసి ఉంది. ఆయేషా తన మెడలోని కార్డు తీసి ఆమె మెడలో వేసింది. గార్డు ఏదో అనబోయి, ఆయేషా కళ్ళు చూసి గేటు తెరిచాడు.

వేదిక మీద పన్నెండు జెండాలు. గాజుపెట్టెలో దారపు కట్టలు. పల్లె స్త్రీల జ్ఞానమంటూ మిరాండా వాటిని చూపించి కళ్ళు తుడుచుకుంటోంది. ఇవీ కంప్యూటర్ లెక్కలూ ముడి ముడికీ సరిపోయాయని చెప్పింది. ప్రాజెక్టు పెద్ద ప్రొఫెసర్ ఓల్సెన్ పెన్ను మూత తీశాడు.

లింగవ్వ నేరుగా వేదిక ఎక్కి గాజుపెట్టెలోకి చూసింది.

“గీ దారాలు నావి కావు.”

మిరాండా నవ్వుతూ మైకులో అనువాదం చేసింది. ఈమె మనందరినీ ఆశీర్వదిస్తోంది, అన్నది ఇంగ్లిష్‌లో. హాలంతా చప్పట్లు కొట్టింది. ఓల్సెన్ పెన్ను కాగితాన్ని తాకబోయింది.

ఆయేషా రెండో మైకు లాక్కుని, లింగవ్వ అన్నదేమిటో ఇంగ్లిష్‌లో చెప్పింది. పెన్ను ఆగింది. ఆయేషా బస్తాను బల్ల మీద గుమ్మరించింది. కాలిన అంచులతో తొమ్మిది కట్టలు. నాలుగు ఆకుపచ్చ, అయిదు గులాబీ. గాజుపెట్టెలోని పన్నెండూ గులాబీయే.

“మొదటి ఏడేండ్లు బీడీ కార్ఖానోళ్ళు ఆకుపచ్చ దారమే ఇచ్చిండ్రు,” అన్నది లింగవ్వ. “గులాబి అచ్చి అయిదేండ్లే అయితంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, బీడీలు చేసే ఏ ఆడిదాన్నన్న అడుగుండ్రి. గప్పుడు లేని దారంతోని నేనెట్ల ముడేత్త? నా ఇంట్ల గులాబి చూసి, బస్తా ఇప్పకుండనే అన్నీ గదే అనుకున్నవ్ మేడమ్. ఒక్కసారన్న అడిగినవా నన్ను?”

ఆయేషా ప్రతి మాటా ఇంగ్లిష్‌లో చెప్పింది. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

మిరాండా నవ్వు ఆరిపోయింది. చేతిలోని లిప్‌స్టిక్ మూత తిరిగింది. లోపల ఉన్నది రంగు కాదు, సన్నటి తుపాకీ గొట్టం. ఆయేషా నాలుగు అడుగుల దూరంలో ఉంది. లింగవ్వ రెండు అడుగుల దూరంలో ఉంది, చెయ్యి అప్పటికే సంచిలో ఉంది. బావి తాడు గాలిలో ఒక చుట్టు తిరిగింది. ఇనుప గుండు మిరాండా మణికట్టు మీద పడింది. పేలిన తూటా పైకప్పులోకి పోయింది.

“గది దేవదాసుకు,” అన్నది లింగవ్వ, తాడు చుట్టుకుంటూ.

మిరాండాను పోలీసులు తీసుకెళ్ళాక ఓల్సెన్ దొంగ అంకెల కాగితాలు చింపేశాడు. దారాలను మళ్ళీ లెక్కించడానికి ఎవరి అనుమతి కావాలో చెప్పమని లింగవ్వనే అడిగాడు. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది.

ఆరు నెలల తర్వాత ఆ పరిశోధన అచ్చయింది. లింగవ్వ, దేవదాస్ మరియు ఇతరులు. ఆ చివరి మాటలో ముప్పై ఎనిమిది మంది డాక్టరేట్లు ఇరుకిరుకుగా సర్దుకుని కూర్చున్నారు.