సీలు తెగని పట్టీలు

కవాతు హాలు వెనక గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. బేకరీ మేస్త్రీ పోయిన దగ్గర్నుంచీ అంతే. పగలు అందులో రిజర్వు దళం సామాన్లుంటాయి. రాత్రయితే లోపల ఎవరో మూలుగుతారట... మూలుగు ఆగాక అంకెలు లెక్కపెడతారట.

ఇది మా బావ చెప్పిందే. బావ కరెంటు పని చేస్తాడు. నెలకు రెండు ఆదివారాలు మాత్రం సైనికుడు. ఆ దళంలో అందరూ అంతే, మిగతా రోజులు ఎవరి పని వాళ్ళది. ఆ గది తాళాలు బావ దగ్గరుంటాయి. పిల్లి ఎదురొస్తే ఇంటికి తిరిగొచ్చే మనిషి, చూసి చూసి ఆయనకే ఇచ్చారు.

బేకరీ మేస్త్రీ నిరుడు సరిహద్దులో పోయాడు. తొడలో తూటా. రక్తం ఆపే పట్టీ సంచిలోనే ఉంది. కానీ పక్కనున్న మంగలికి — అతనూ అదే దళం — దాన్ని బిగించడం రాలేదు. వచ్చు అని కాగితం మీద రాసుంది. ఆ కాగితం మీద సంతకం మా బావది.

పట్టీలు లేక కాదు. గదిలో పెట్టెలకొద్దీ ఉన్నాయి. సీలు తెగితే తనిఖీలో మాట పడాల్సొస్తుందని ఎవరూ విప్పేవారు కాదు. గోడ మీద బొమ్మ చూపించి, "అర్థమైందా?" అని అడిగి, అందరి చేతా తలూపించి సంతకాలు పెట్టేవారు. కాగితం మీద ఆ దళమంత సిద్ధంగా ఉన్న దళం ఇంకోటి లేదు. తిలాపాపం తలా పిడికెడు. బావ మాత్రం తన పిడికెడు మోయలేకపోయాడు. కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయేవాడు.

ఇంతలో మళ్ళీ పిలుపొచ్చింది. ముప్ఫై రెండుమంది, అందరూ కొత్తవాళ్ళే. తెల్లవారుజామున అయిదింటికి బండి. అందరూ సిద్ధమని బావ రాసివ్వాలి. ముద్ర చూస్తే వెనక గదిలో ఉండిపోయింది.

"పొద్దున తెచ్చుకోవచ్చుగా," అంది అక్క.

"పొద్దున టైముండదే."

పదకొండు దాటింది. హాలంతా చీకటి. టార్చి చేతిలోనే ఉన్నా ఎందుకో వెయ్యబుద్ధి కాలేదట. గోడ తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళాడు —

లోపల మూలుగు.

వెనక్కి తిరగబోయాడు.

"ఇంకా బిగించు..." గుసగుస. "నొప్పెడితే పెట్టనీ..." ఆ వెంటనే లెక్క. "పదకొండు... పన్నెండు... పదమూడు..."

బావ తలుపుకి నుదురు ఆనించాడు.

"మేస్త్రీ," అన్నాడు మెల్లగా. "తప్పు నాది. తీసుకుపోతే నన్ను తీసుకుపో. రేపు వెళ్ళేవాళ్ళ జోలికి రాకు."

లెక్క ఆగిపోయింది. అడుగులు... లోపల్నుంచి తాళం మీట తిప్పిన చప్పుడు, తలుపు తెరుచుకుంది. బావ టార్చి వేశాడు.

మంగలి. చేతిలో సైకిలు ట్యూబు ముక్క. వెనక నేల మీద కొత్తవాళ్ళు నలుగురు, ఒకడి తొడకి ఇంకో ట్యూబు కట్టి ఉంది. కిటికీ ఊచ వంచేసి ఉంది.

"చీకట్లో ఏంట్రా ఇది?"

"ఆ రోజు కూడా చీకటేగా," అన్నాడు మంగలి.

ఏడాదిగా ఒక్కడే వచ్చేవాడట, తన తొడకే కట్టుకుని, ఎన్ని సెకన్లలో బిగుస్తుందో లెక్కపెట్టుకుంటూ. ఇంట్లో చేస్తే భార్య ఏడుస్తుందట. ఈ నలుగురూ చేరి వారమే అయింది.

"ఎంతమందికి వచ్చింది?" అడిగాడు బావ.

"వీళ్ళలో ఇద్దరికి."

బావ కత్తి తీసి పెట్టెల సీళ్ళన్నీ కోసేశాడు. ఇంటింటికీ వెళ్ళి తలుపులు కొట్టి మిగతావాళ్ళని లేపాడు. కొందరొచ్చారు. కొందరు తలుపు తియ్యలేదు.

అయిదింటికి బండొచ్చేసరికి తొమ్మిదిమందికి చేతనైంది. బావ కాగితం మీద తొమ్మిది అనే రాసి ముద్ర వేశాడు. అధికారి దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. బండి ముప్ఫై రెండుమందినీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది.