మైకు పట్టిన చెయ్యి

ఏదో జరిగింది! జరగరానిదేదో జరిగింది... ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ గుమ్‌రాన్‌కి ఆ సంగతి అత్తగారి వీపు చూడగానే అర్థమైంది. గల్లా దగ్గర నిలబడ్డ ఆ ముసలి వీపు వణుకుతోంది. ఎదురుగా పక్కవీధి ఆడవాళ్లిద్దరు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కాదు, చేతుల్లో ఒక్క చొక్కా కూడా లేదు. ఒకామె ఫోను చూపిస్తోంది, ఇంకొకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్‌రాన్ వైపు ఓరగా చూస్తోంది. ఆ చూపులో ఉన్నది జాలో, ఎగతాళో!

గుమ్‌రాన్‌కి మాటలు వినబడవు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం ఆమె చెవుల్ని పట్టుకుపోయింది. భర్త పోయాక కొరియాలోని తేజాన్ పట్నం పాతబజారులో ఉన్న ఈ లాండ్రీ షాపుని అత్తా కోడళ్లే నడుపుకొస్తున్నారు. గల్లా దగ్గర మాట అత్తగారు బున్‌నేది, లోపల పని గుమ్‌రాన్‌ది. బున్‌నేకి చదువు రాదు, గుమ్‌రాన్‌కి వినికిడి లేదు. కాగితం మీద రాసి చూపించుకునే దారి కూడా లేని ఆ ఇద్దరి మధ్యా ఇన్నేళ్లూ మాట నడిపినవాడు హాన్‌గ్యొల్. ఐదేళ్ల పసివాడప్పుడే ముక్కాలిపీట ఎక్కి, నానమ్మ అన్నది చెవులతో విని, అమ్మకి చేతులతో చెప్పేవాడు. పదిహేడో ఏట కంప్యూటర్ ఆటల పోటీ జట్టువాళ్లు వాణ్ణి సియోల్ తీసుకెళ్లిపోయారు. అప్పట్నించీ ఇంట్లో మాటే లేదు. చొక్కా చూపించడం, తల ఊపడం... అంతే!

ఆడవాళ్లు వెళ్లగానే బున్‌నే గిర్రున తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లు వీడియో పంపిన తన ఫోను కోడలి ముఖం ముందు ఆడించింది.

"చూశావా! నీ కొడుకు వెలగబెట్టింది చూశావా! అంత పెద్ద ఆటగాణ్ణి పట్టుకుని టీవీలో వేలు పెట్టి చూపిస్తాడా! దేశమంతా ఉమ్మేస్తోందే! నోరులేని దాని పెంపకం... నోటి మర్యాద తెలియని పిల్లాడు కాక ఇంకేమవుతాడు!"

గుమ్‌రాన్‌కి ఆ పెదవుల మీద ప్రతి మాటా కనబడింది. అయినా ఆమె కన్ను తడవలేదు. ఫోను అందుకుని కొడుకుని చూసింది.

గెలిచిన జట్టు తరఫున వాడితో మాట్లాడుతున్నారు. యూనిఫాం జిప్పు సగానికి జారి ఉంది. నోట్లో చూయింగ్ గమ్. "మీకంటే ఎంతో సీనియర్ ప్యో సక్‌జూతో ఆడటం ఎలా అనిపించింది?" అని యాంకర్ అడిగినట్టు కింద అక్షరాలు వచ్చాయి. వాడు తిన్నగా ఓడినవాళ్ల వైపు వేలు చూపించాడు. "ఆయన చేతులు అయిపోయాయి. ఇక ఆడకూడదు" అన్నాడు. ఆపైన ముఖం చిట్లించి, బొటనవేలు పైకెత్తాడు. కింద వేలమంది తిట్లు. పొగరుబోతు! పెద్దా చిన్నా లేదు! ఓడినవాణ్ణి వెక్కిరిస్తాడా!

గుమ్‌రాన్ మళ్లీ చూసింది. మూడోసారి చూస్తుంటే ఆమె చెయ్యి గుండె మీదికి పోయింది. అయ్యో, నాన్నా...!

అది వెక్కిరింపు కాదు! ఎడమ అరచేతిని కింద పరిచి, దాని మీద కుడి బొటనవేలు నిలబెట్టి పైకెత్తితే, ఆ తల్లీకొడుకుల భాషలో 'గౌరవం' అని. 'మీరంటే నాకెంతో గౌరవం' అంటున్నాడు వాడు! కానీ ఎడమచేతిలో మైకు ఉంది. కింద పరచడానికి అరచెయ్యి లేదు. సగం మాటే బయటికొచ్చింది. ఆ చిట్లించిన ముఖం కూడా వెటకారం కాదు, నొప్పి. ఎదుటివాడి నొప్పి తన ముఖంలో చూపిస్తున్నాడు... తల్లి ఒళ్లో నేర్చుకున్న మాటది! మనుషుల్ని వేలితో చూపించకుండా ఆ భాషలో 'ఆయన' అని ఎలా చెప్తాడు?

అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. లోకమంతా చూసింది, తనొక్కతికే అర్థమైంది. కానీ ఎవరితో చెప్పుకోను... ఎలా చెప్పుకోను? అత్తగారి కొంగు పట్టుకుని ఆపి, అరచేతి మీద బొటనవేలు పెట్టి చూపించబోయింది. "ఇప్పుడీ చేతులాటలేంటే!" అని బున్‌నే విదిలించుకుని లోపలికెళ్లిపోయింది.

మధ్యాహ్నం బస్సులో హాన్‌గ్యొల్ దిగాడు. భుజాన సంచీ. పద్ధతిగా మాట్లాడటం నేర్చుకునేదాకా వేదిక ఎక్కనివ్వమని జట్టువాళ్లు చెప్పారట. సీజను ముగిసేలోగా మారకపోతే అసలుకే పంపించేస్తారట.

తల్లి కూర్చోబెట్టి చేతులతో అడిగింది. "నువ్వన్నది నాకర్థమైంది. మరి వాళ్లకెందుకు విడమర్చి చెప్పలేదు?"

వాడి చేతులు నెమ్మదిగా కదిలాయి. "మైకు పెట్టగానే ఏం చెప్పాలో తెలీదమ్మా. ఒళ్లంతా బిగుసుకుపోతుంది. సక్‌జూ అన్న ఆటాటకీ బల్ల కింద మణికట్టు పిసుక్కుంటున్నాడు. ఎవరూ చూడలేదు, నేను చూశాను. ఇంక చాలన్నా, విశ్రాంతి తీసుకో అందామనుకున్నాను. నోరు తెరిస్తే అలా వచ్చింది."

మర్నాడు సియోల్ నుంచి ఒకావిడ వచ్చింది. హ్వాంగ్‌బో మేడమ్. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేది, ఇప్పుడు ఆటగాళ్లకి ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పుతుంది. ఫోను ఎత్తని శిష్యుణ్ణి వెతుక్కుంటూ రైలెక్కి వచ్చింది. గడపలోనే మొదలుపెట్టింది.

"మొహం కడుక్కున్నావా? జిప్పు మెడదాకా లాగు. ఆ గమ్ ఉమ్మి రా. చూడు బాబూ, అడిగినవాళ్ల కళ్లలోకి చూడాలి. ముందు ఎదుటి జట్టు పేరు గౌరవంగా చెప్పాలి. గెలిచిన నీ పేరు ఎలాగూ అందరూ చెప్తారు, ఓడినవాళ్ల పేరు నువ్వు కాకపోతే ఎవరు చెప్తారు? తప్పు జరిగితే తోటివాళ్ల మీదికి నెట్టకూడదు. చేతులు ఒళ్లో! ఆ వేళ్లు ఆడించడం బంద్! ఊఁ, ఇది మైకు అనుకో" అంటూ బట్టల బ్రష్షు వాడి చేతిలో పెట్టింది.

వేలాడుతున్న కోట్ల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు హాన్‌గ్యొల్. బ్రష్షు పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఒళ్లో పెట్టాడు. నోట్లోంచి మాట రాలేదు. ముఖం రాయిలా అయిపోయింది.

"ఇంట్లో అయినా ఇంతేనా ఈ అబ్బాయి? మాట్లాడటమే నేర్పలేదా?" అందావిడ విసుగ్గా. గుమ్‌రాన్‌కి వినబడదని ఆవిడకి తెలియదు.

"ఎవరు నేర్పుతారమ్మా! నేర్పాల్సిందానికే మాట లేదు!" గల్లా దగ్గర్నించి బున్‌నే ఈసడించింది.

గుమ్‌రాన్ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. ఎప్పుడూ నలుగురి మధ్యకి రాని మనిషి, నేరుగా వచ్చి కొడుకు ముందు నిలబడింది. వాడి చేతిలోంచి బ్రష్షు లాగేసి బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ వాడికి చూపించి, "ఇప్పుడు చెప్పు. నోటితో, చేతులతో. నాకు చెప్తున్నట్టే చెప్పు" అంది.

"అమ్మా, మేడమ్ వద్దంటున్నారు..."

"నేను చెప్తున్నాను. చెప్పు!"

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. చేతులు లేచాయి. వాటి వెనకాలే మాట లేచింది!

"ప్యో సక్‌జూ అన్న ఆట చూసి నేను ఆడటం నేర్చుకున్నాను. ఆ రోజు ఆయన మణికట్టు నొప్పితో ఆడారు. ప్రతి ఆట తర్వాతా బల్ల కింద పిసుక్కోవడం చూశాను. అయినా ఒక్కసారీ విరామం అడగలేదు. గెలిచినందుకు నాకు సంతోషం లేదు. ఆయన చేతులు బాగవ్వాలి. ఆయనంటే నాకు..." అరచెయ్యి పరుచుకుంది, దాని మీద బొటనవేలు లేచింది, "...చాలా గౌరవం!"

హ్వాంగ్‌బో మేడమ్ కుర్చీలో ముందుకి జరిగింది. తల్లి చేతుల్నీ కొడుకు చేతుల్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ ముఖంలో విసుగు కరిగిపోయింది.

"నన్ను క్షమించండమ్మా" అంది గుమ్‌రాన్ వైపు తిరిగి, తలవంచి. తర్వాత అడిగింది, "ఇంత చక్కగా మాట్లాడేవాడివి, ఇన్నాళ్లూ ఏమైందయ్యా?"

"చిన్నప్పట్నించీ నేను మాట్లాడింది నా మాట కాదు మేడమ్. నానమ్మ మాట అమ్మకి, అమ్మ మాట నానమ్మకి. నీకెలా ఉంది అని నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అందరూ అడుగుతుంటే... నోరు రాదు, చేతులే వస్తాయి."

బున్‌నే గల్లా వదిలి వచ్చింది. "ఒరేయ్... నేనన్న మాటలన్నీ మీ అమ్మకి చెప్పేవాడివా?"

వాడు తల దించుకున్నాడు. "అన్నీ చెప్పలేదు నానమ్మా. నాన్న పోయిన కొత్తలో 'నా కొడుకుని మింగేసిన మొహమిది' అనేదానివి. అన్నప్పుడల్లా నేను అమ్మతో, 'నానమ్మకి నడుం నొప్పిగా ఉందట' అని చెప్పేవాణ్ణి."

బున్‌నే అక్కడే ఉన్న బట్టల మూట మీద కూలబడింది. "అందుకా... అందుకా తిట్టినప్పుడల్లా వచ్చి నా నడుముకి నొప్పి పట్టీ అంటించేది! పిచ్చిది, తిట్టానని కూడా తెలీదు అనుకునేదాన్ని..."

ఆ పెదవుల్ని చూస్తూనే ఉన్న గుమ్‌రాన్ చేతులు మెల్లగా కదిలాయి. అది చూసి హాన్‌గ్యొల్ ముఖం పాలిపోయింది.

"ఏమంటోందిరా? చెప్పు! ఈసారి ఒక్క ముక్క మార్చావో చూడు!"

"మార్చను నానమ్మా... 'నాకు తెలుసు అత్తయ్యా' అంటోంది. 'మీ పెదవులు కనబడేవి. కానీ పసివాడు అంత ఆలోచించి, అంత కష్టపడి మంచి మాట చేసి తెచ్చి ఇచ్చాడు. అది కాదంటే వాడి మనసు ఏమైపోతుంది? అందుకే వాడిచ్చిన మాటే తీసుకున్నాను. మీ నడుము కూడా నిజంగానే నొప్పిగా ఉండేదిగా... కొడుకు పోయిన తల్లికి ఎక్కడ నొప్పి ఉండదు!'"

అన్నేళ్లు! ఆ మాటలన్నీ తెలిసీ, తెలియనట్టే నవ్వుతూ, పట్టీ అంటించి, వీపు నిమిరి వెళ్లేదా తన తల్లి! మోసుకుంటున్నది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ... 'అమ్మా!' అంటూ ఆమె నడుము చుట్టేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బున్‌నే లేవలేకపోయింది. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి, అందిన కోడలి కాలి మడమ పట్టుకుని, "నా తల్లే... నా తల్లే..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్‌రాన్ గభాలున కిందికి కూర్చుని ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

హ్వాంగ్‌బో మేడమ్ వాళ్లకి వీపు తిప్పి, వేలాడుతున్న కోట్ల వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

సక్‌జూ ఆ దేశంలో మగపిల్లలందరికీ తప్పనిసరైన సైనిక కొలువుకి వెళ్లబోతున్నాడు. వెళ్లేముందు సియోల్‌లో వీడ్కోలు సభ పెట్టారు. వేదిక ఎక్కనిచ్చేలా జట్టువాళ్లని మేడమ్ ఒప్పించింది. హాన్‌గ్యొల్ వేదిక ఎక్కగానే హాల్లో గుసగుసలు లేచాయి, ఎవరో ఎగతాళిగా ఈల కూడా వేశారు. మొదటి వరసలో కూర్చున్న గుమ్‌రాన్‌కి ఈల వినబడలేదు గానీ, పక్కనున్న అత్తగారి పిడికిలి బిగుసుకోవడం కనబడింది.

వాడి చేతిలో మైకు లేదు. మేడమ్ నిర్వాహకులతో మాట్లాడి, కాలరుకి తగిలించే చిన్న మైకు ఏర్పాటు చేయించింది. జిప్పు మెడదాకా ఉంది. వాడు ముందు సక్‌జూకి నడుము వంచి దండం పెట్టాడు. తర్వాత సభకి. "మా అమ్మకి వినబడదు. నా మొదటి భాష చేతులది. అందుకే చేతులతో కూడా మాట్లాడతాను, అనుమతించండి" అన్నాడు. లాండ్రీ షాపులో చెప్పిందంతా చెప్పాడు. తప్పు చేతులది కాదని, వినేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పని తనదని ఒప్పుకున్నాడు. క్షమాపణ కోరాడు.

జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న సక్‌జూ వాడి వైపు తిరిగాడు. "అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు ఒళ్లు మండింది. కానీ ఒరేయ్, మణికట్టు నొప్పి సంగతి నేను మా అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వెలా కనిపెట్టావ్?"

"మా ఇంట్లో మనిషిని చూస్తే ముందు చేతులే చూస్తాం అన్నా."

సక్‌జూ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. లేచి వచ్చి వాణ్ణి కౌగిలించుకుంటే హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు కొట్టే చేతుల్ని గుమ్‌రాన్ తల తిప్పి తిప్పి చూసింది... ఎన్ని చేతులో! దేవుడా, ఎన్ని చేతులో!

బయటికొచ్చాక ఆమె హ్వాంగ్‌బో మేడమ్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. వదలబుద్ధి కాలేదు. "అమ్మా, నేను నేర్పింది జిప్పు పైకి లాగడం ఒక్కటే" అంది మేడమ్. జట్టువాళ్లు పిలవడంతో హాన్‌గ్యొల్ అక్కడే ఉండిపోయాడు. వచ్చే వారం ఆట ఉందిట.

తిరుగు రైల్లో అత్తా కోడళ్లిద్దరే. మాట మోసేవాడు లేడు. బున్‌నే కిటికీ పక్క సీటులోంచి లేచి, ఎదుటి సీటులో ఉన్న కాలేజీ కుర్రాణ్ణి బతిమాలి చోటు మార్చుకుంది. కోడలికి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. ముఖం మీద పడుతున్న నెరిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా అంది.

"హాన్‌గ్యొల్ వాళ్లమ్మా... ఈ ఏడు... కిమ్చీ పచ్చడికి... కాబేజీలు ఎన్ని తెద్దాం?"

ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు నేరుగా తనని అడిగిన మొట్టమొదటి ప్రశ్న! గుమ్‌రాన్ రెండు చేతులూ ఎత్తి, పది వేళ్లూ చూపించింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ పది చూపించింది.

"ఇరవయ్యా! ఉన్నది ఇద్దరమేగా, ఎవరు తింటారే అంత!"

గుమ్‌రాన్ కిటికీలోంచి వెనక్కి, సియోల్ ఉన్న వైపు చెయ్యి చూపించింది. బున్‌నే అర్థం చేసుకుని గట్టిగా తల ఊపింది. "అవునవును... వాడికీ, వాడి జట్టుకీ, ఆ మేడమ్మకీ... ఆ మణికట్టు పిల్లాడికి కూడా ఒక డబ్బా!" అంటూ, సంచీలోంచి ఉడికించిన గుడ్డు తీసి, పెంకు ఒలిచి, ఉప్పు అద్ది కోడలి చేతిలో పెట్టింది.